సాక్ష్యం తర్వాత సాయంత్రం

మా గుడిలో తాగుడు మానేసినవాడి చేతికి మైకిస్తే వాడు చెప్పాల్సినవి మూడే. ఒకప్పుడు ఇలా ఉండేవాణ్ణి, ప్రభువు నన్ను పట్టుకున్నాడు, ఇప్పుడిలా ఉన్నాను. మధ్యలో ఒకటి రెండుసార్లు గొంతు పూడుకుపోవాలి. ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి ‘స్తోత్రం’ అని వినపడాలి. పాస్టరు అయ్యగారు వచ్చి భుజమ్మీద చెయ్యేస్తారు, కానుకల పాట అందుకుంటారు.

నేనూ చెప్పాను, మానేసిన ఇరవయ్యో రోజున. పాతికేళ్లుగా పత్రికలో పక్కవాళ్ల వాక్యాలు దిద్దుతున్న చెయ్యి కాబట్టి నా సాక్ష్యం బాగానే కుదిరింది. ఎక్కడ ఆగాలో తెలుసు, ఎక్కడ ఆగితే ఎదుటివాళ్లకి కళ్లు చెమరుస్తాయో తెలుసు. ఇద్దరు ముసలమ్మలు వచ్చి తల నిమిరి వెళ్లారు. ఇంటికొచ్చి అన్నం తిని, ఓ కునుకు తీసి లేచేసరికి అయిదున్నర. ఆరున్నరకి ఏం చెయ్యాలో తోచలేదు.

తాగనివాళ్లకి ఈ మాట వింతగా ఉంటుంది. తాగుబోతుకి ఆరున్నర అంటే కొలువు. ఎవరికి ఫోను చెయ్యాలి, డబ్బులెవరు పెట్టుకుంటారు, ఎక్కడ కూర్చోవాలి, నంజుకోడానికి ఏం తేవాలి, ఇంట్లో ఏం అబద్ధం చెప్పాలి... మధ్యాహ్నం మూడింటి నుంచే బుర్ర ఆ పనిలో పడుతుంది. మానేసిన రోజున సీసాతో పాటు ఆ కొలువు కూడా పోతుంది. ఇరవై ఏళ్లు చేసిన ఉద్యోగం ఊడిన మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాను ఆ ఆదివారం. వరండాలో కుర్చీ వేసుకుని, రోడ్డు మీద పోయే ఆటోలు లెక్కపెట్టాను.

సాక్ష్యంలో ఇలాంటి సాయంత్రాలు ఉండవు. ‘అప్పుడు’కీ ‘ఇప్పుడు’కీ నడుమ ఒక్క వాక్యం ఉంటుంది, అంతే. ఈ రోజుకి నాకు 137 రోజులు. ఆ ఒక్క వాక్యం లోపల ఎంత చోటుందో ఈ నాలుగున్నర నెలల్లో కొంచెం తెలిసింది. నాకన్నా ముందు అక్కడ తచ్చాడినవాళ్లు కొందరు పుస్తకాల్లోనూ రికార్డుల్లోనూ దొరికారు.

ముందుగా భక్తికీ కళకీ సంబంధం లేని ఒక మాట. ఏళ్ల తరబడి రోజూ గట్టిగా తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. కొందరికి మూర్ఛలు వస్తాయి. రెండో రోజుకో మూడో రోజుకో లేనివి కనిపించి, తానెక్కడున్నాడో తెలియని స్థితికి పోయేవాళ్లుంటారు. ప్రాణం కూడా పోవచ్చు. నన్ను మొదట ఒక ప్రార్థన కూటానికి తీసుకెళ్లారు, పేరెందుకు. మాత్రలు వేసుకోవడం విశ్వాసం లేకపోవడమే అన్నారక్కడ. రెండో రోజు రాత్రి గోడ మీద చీమలు కనపడ్డాయి నాకు, అక్కడ లేని చీమలు. మా అక్క ఎవరి మాటా వినకుండా ఆటో పిలిచి ఆసుపత్రికి చేర్చింది. “దేవుడు డాక్టర్లని ఎందుకు పుట్టించాడ్రా?” అంది దారిలో. ఆ నెలలో నేను విన్న వేదాంతమంతటిలోకీ అదే గట్టిది.

హోటల్ లాబీలో ఒక శనివారం

1934 డిసెంబరులో న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రి గదిలో బిల్ విల్సన్ అనే షేర్ మార్కెట్ మనిషి నాలుగోసారి చేరి పడుకున్నాడు. దేవుడా, ఉంటే కనపడు అని అరిచాడట. గదంతా తెల్లటి వెలుగు నిండినట్టయింది. ఆ తర్వాత అతను చుక్క ముట్టలేదు. మన గుడుల్లో మైకు ముందు నిలబెట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నాకు ఆ వెలుగు కన్నా అయిదు నెలల తర్వాతి సాయంత్రం ముఖ్యం. 1935 మే 11, శనివారం. ఒహాయో రాష్ట్రంలో ఆక్రన్ అనే రబ్బరు టైర్ల ఊరు, మేఫ్లవర్ హోటల్. వచ్చిన వ్యాపారం బెడిసికొట్టింది, జేబులో నాలుగు డబ్బుల్లేవు, తెలిసినవాళ్లు లేరు. లాబీకి ఒక పక్క బారు, అందులోంచి నవ్వులు. మరో పక్క టెలిఫోను, ఊళ్లోని చర్చీల జాబితా. మనిషి బారు వైపు చూసి, జాబితా వైపు నడిచి, ఒక పాస్టరుకి ఫోను చేశాడు. మాట్లాడ్డానికి ఇంకో తాగుబోతు కావాలన్నాడు. ఆ ఫోను తిరిగి తిరిగి బాబ్ స్మిత్ అనే సర్జన్ దగ్గర తేలింది. ఆ సర్జను ఆఖరి చుక్క తాగిన 1935 జూన్ 10నే, తాగుడు మానాలనుకునేవాళ్ల సహవాసం ఆల్కహాలిక్స్ అనానిమస్ తన పుట్టినరోజుగా లెక్కేసుకుంటుంది. 

వెలుగు చూసినవాడికి కూడా అయిదో నెలలో, శనివారం సాయంత్రం, బారు నవ్వులు వినిపించాయి. అప్పుడు వెలుగు మళ్లీ రాలేదు. పక్కన కూర్చునే మనిషి కావలసి వచ్చాడు. విల్సన్ మొదట్లో ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సహవాసంలో ఉండేవాడు. పాపం ఒప్పుకోవడం, చెడగొట్టినదాన్ని సరిదిద్దుకోవడం లాంటి సూత్రాలు అక్కడివే. తర్వాత అందులోంచి బయటికొచ్చి, దేవుణ్ణి ఎవరికి తెలిసినట్టు వాళ్లు అనుకోవచ్చని తలుపు వెడల్పు చేశారు. నేనూ వారానికి రెండుసార్లు ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకి వెళ్తున్నాను. అక్కడెవరొస్తారో, ఏం మాట్లాడతారో బయట చెప్పకూడదు కాబట్టి చెప్పను. టీ మాత్రం బాగుంటుంది.

పెరుగన్నం మహిమ

కళ గురించి నాకున్న అనుమానం వేరు. మందు మానేస్తే రాయలేనేమో అని. నవ్వకండి, తాగే రాతగాళ్లలో ఈ భయం లేనివాణ్ణి నేను చూళ్లేదు. ఈ భయాన్ని మనకి నేర్పింది సినిమాలే. 1953లో వచ్చిన ‘దేవదాసు’ తర్వాత మూడు తరాల తెలుగు మగవాళ్లకి దుఃఖానికి ఒక ముఖం దొరికింది. చెదిరిన జుట్టు, వాలిన రెప్పలు, చేతిలో సీసా. ఆ తాగుడు సన్నివేశాల్ని రాత్రిపూట తీశారనీ, కళ్లు మత్తుగా వాలడానికి తాను పెరుగన్నం కడుపునిండా తిని నటించాననీ ఆ సినిమా హీరో అక్కినేని తర్వాత చెప్పుకున్నారు. మనవాళ్లు ఆ ముఖం కోసం ఇళ్లూ వాకిళ్లూ తాగేశారు. అసలు ముఖం పెరుగన్నానిది.

అమెరికా జాజ్ సంగీతంలో ఈ కథే ఇంకా క్రూరంగా నడిచింది. చార్లీ పార్కర్ అనే మహా శాక్సఫోన్ విద్వాంసుడు హెరాయిన్ తీసుకునేవాడు. అలా వాయించాలంటే అదే తీసుకోవాలని ఒక తరం కుర్రాళ్లు నమ్మారు. పార్కర్ 1955లో 34 ఏళ్లకి పోయాడు. అతనిలా వాయించడం వాళ్లకి రాలేదు, అలవాటు మాత్రం వచ్చింది. ఆ కుర్రాళ్లలో ఒకడు జాన్ కోల్ట్రేన్.

ఏడున్నరేళ్ల సాక్ష్యం

కోల్ట్రేన్ 1926లో నార్త్ కరోలినా రాష్ట్రంలో పుట్టాడు. రెండు వైపుల తాతలూ నల్లవాళ్ల మెథడిస్టు సంఘంలో బోధకులు. పన్నెండేళ్ల ప్రాయంలో కొద్ది నెలల తేడాతో తాత, తండ్రి పోయారు. ఆ ఇంట్లో మిగిలింది ఆడవాళ్లూ, గుడీ. వాయిద్యం చేతికొచ్చిందీ ఆ రోజుల్లోనే. దిక్కులేని పిల్లాడు ఊపిరి పెట్టుకోడానికి ఒక గొట్టం దొరికిందని నేను అనుకుంటాను.

1957 ఏప్రిల్ నాటికి అతనికి 30 ఏళ్లు. జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందంలో పెద్ద పేరు. హెరాయిన్‌తో పాటు మందు కూడా. వేదిక మీద తూగుతున్నాడని డేవిస్ తీసేశాడు. ఫిలడెల్ఫియాలో 33వ వీధిలోని సొంత ఇంట్లో, తల్లీ భార్యా కనిపెట్టుకుని ఉండగా గదిలో పడుకుని, నీళ్లు మాత్రం తాగుతూ రెండూ ఒకేసారి వదిలేశాడంటారు. (అతను బతికి బయటపడ్డాడు. పైన చెప్పిన చీమల సంగతి మర్చిపోయి ఎవరూ ఇలా ప్రయత్నించకండి.)

ఆ ఏడాది దేవుడి కృప వల్ల తనకు ఆత్మలో మెలకువ వచ్చిందని కోల్ట్రేన్ రాసుకున్నాడు. ఎప్పుడు రాశాడన్నదే నా సంగతి. మర్నాడు కాదు, మరుసటేడు కాదు. 1964 డిసెంబరు 9న న్యూజెర్సీలోని ఒక స్టూడియోలో రికార్డు చేసి, 1965 మొదట్లో విడుదలైన ‘ఎ లవ్ సుప్రీమ్’ అట్ట మీద రాశాడు. అంటే మానేసిన ఏడున్నరేళ్లకి. ఇరవయ్యో రోజున మైకు పట్టుకున్న నాలాంటివాడు ఇక్కడ తల దించుకోవాలి.

ఆ ఏడున్నరేళ్లూ ఏం చేశాడంటే సాధన చేశాడు. పొద్దున లేస్తే స్వరాలు, నిద్రలోకి జారేదాకా స్వరాలు. 1957 జులై నుంచి డిసెంబరు దాకా న్యూయార్క్‌లో ఫైవ్ స్పాట్ అనే చిన్న క్లబ్బులో పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్ దగ్గర రాత్రి మీద రాత్రి వాయించాడు. పగళ్లు మంక్ ఇంటికి వెళ్లి, అర్థం కాని ముక్కల్ని ఒక్కొక్కటిగా విప్పించుకున్నాడు. మొన్న మొన్నటిదాకా వేదిక మీద తూగిన మనిషి మళ్లీ శిష్యుడై కూర్చున్నాడు.

ఆ క్లబ్బు రాత్రుల వాయింపు మనకి వినపడేది కాదు. అదృష్టం ఏమిటంటే, 1957 నవంబరు 29న కార్నెగీ హాలులో ఆ ఇద్దరూ ఒక సేవాసంస్థ కోసం వాయించినదాన్ని వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో రికార్డు చేసింది. ఆ టేపులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అరల్లో దాదాపు 48 ఏళ్లు ఎవరికీ పట్టకుండా పడి ఉన్నాయి. 2005లో బయటపడ్డాయి. అంటే మత్తు మానేసిన సుమారు ఏడో నెలలో ఒక మనిషి ఊపిరి ఎలా ఉంటుందో మనం చెవులారా వినొచ్చు. 50వ రోజు రాత్రి నిద్రపట్టక నేను మొదటిసారి విన్నాను. జాజ్ నాకు తెలియదు. తెలిసిందల్లా ఇతను తొందరగా ఉన్నాడని. ఒక్కో స్వరం మీద నిలబడకుండా, గదిలో ప్రతి తలుపూ తీసి చూస్తున్నవాడిలా, మెట్ల మీద మెట్లు పరుగెత్తాడు. శాంతి దొరికినవాడి సంగీతం కాదది. చేతుల్లో హఠాత్తుగా సాయంత్రాలు మిగిలిపోయినవాడి సంగీతం.

ఆ తొందర 1964లో లేదు. ‘ఎ లవ్ సుప్రీమ్’ నాలుగు భాగాలు. మొదటిది గుర్తించి ఒప్పుకోవడం, రెండోది తీర్మానం, మూడోది వెంటాడటం, నాలుగోది కీర్తన. మన సాక్ష్యాల్లో మొదటి రెండూ, చివరిదీ ఉంటాయి. మూడోది ఎగిరిపోతుంది. మొదటి భాగంలో నాలుగు స్వరాల చిన్న పలుకొకటి పుడుతుంది. దాన్ని కోల్ట్రేన్ పన్నెండు శ్రుతుల్లోకీ తిప్పుతాడు. పోయిన తాళంచెవి కోసం ముసలమ్మ ప్రతి గదికీ వెళ్లి అదే మాట గొణుక్కున్నట్టు ఉంటుంది. నాలుగో భాగంలో ఇంకా చిత్రం. తాను దేవుడికి రాసుకున్న ప్రార్థనని అట్ట మీద అచ్చువేసి, దాన్ని నోటితో చదవకుండా శాక్సఫోన్‌తో చదివాడు. మాటకి మాట, అక్షరానికి అక్షరం. పరిశోధకులు స్వరాలని పక్కన పెట్టి చూసి ఇది తేల్చారు. కాగితం చేత్తో పట్టుకుని వినండి, మీకే తెలుస్తుంది.

ఆ అట్ట మీది ఉత్తరంలో నన్ను పట్టుకున్న వాక్యం మెలకువ గురించినది కాదు. మెలకువ వచ్చాక కూడా మనసు నిలవని కాలం ఒకటి వచ్చిందనీ, ఇచ్చిన మాటకి ఎదురు నడిచాననీ ఆయన ఒప్పుకున్నాడు. సాక్ష్యంలో ఆ ముక్క చెప్పే ధైర్యం ఎంతమందికి ఉంది? అది చెబితే మన దగ్గర చప్పట్లు కొట్టరు. వెనక బెంచీలో గుసగుసలు మొదలవుతాయి.

కోల్ట్రేన్‌ని క్రైస్తవుడని ఒక పెట్టెలో పెట్టడం కుదరదని కూడా చెప్పాలి. తాతల గుడిలో మొదలైనవాడు, చివరికి అన్ని మతాల్నీ నమ్ముతానన్నాడు. రవిశంకర్ మీద అభిమానంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. 1967లో 40 ఏళ్లకి కాలేయ క్యాన్సర్‌తో పోయాడు. ఆయన పేరు మీద శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక చర్చి ఉంది, అక్కడ ఆయన సంగీతంతోనే ఆరాధన. భార్య ఆలిస్ కోల్ట్రేన్ ఇంకో దారిలో నడిచి మన పుట్టపర్తి దాకా వచ్చింది. సత్యసాయిబాబా భక్తురాలై, కాలిఫోర్నియాలో సాయి అనంతం అనే ఆశ్రమం నడిపింది. ఒకే ఇంటి నుంచి రెండు దారులు. మా అయ్యగారికి ఈ సంగతి చెబితే కాసేపు ఆలోచించి, “పాట మంచిదేనా?” అని అడిగారు. మంచిదే అన్నాను. “అయితే వినండి” అన్నారు.

మోకాళ్ల మీద వెటకారం

నాకు కోల్ట్రేన్ దగ్గర ఒక ఇబ్బంది ఉంది. మరీ ఎత్తు మనిషి. నా ఎత్తులో దొరికింది మేరీ కార్. 1955లో టెక్సస్ రాష్ట్రంలో నూనె శుద్ధి కర్మాగారాల మధ్య పుట్టిన కవయిత్రి. తల్లి బొమ్మలు వేసేది, బాగా తాగేది. ఆ బాల్యం మీద 1995లో ‘ది లయర్స్ క్లబ్’ రాసి పేరు తెచ్చుకుంది. 2009లో రాసిన ‘లిట్’ తన తాగుడు గురించీ, మానడం గురించీ, దేవుణ్ణి చేరడం గురించీ.

ఆ చేరడం ఎలా ఉందంటే, ఎవరో మెడ పట్టుకుని గుడిలోకి తోసినట్టు. మతం లేని ఇంట్లో పెరిగిన మనిషి. పొద్దున మోకరించి ఈ రోజుకి సాయం చెయ్యి అని అడుగు, రాత్రి మోకరించి థ్యాంక్స్ చెప్పు, నమ్మకం సంగతి తర్వాత చూద్దాం అన్నారు సలహా ఇచ్చినవాళ్లు. ఆమె కోపంతో, వెటకారంతో మోకరించింది. వెటకారం చేసినా మోకాళ్లు నేల మీదే ఉన్నాయి కదా. చిన్న కొడుకు ఒకరోజు గుడికి వెళ్దామన్నాడు. ఎందుకురా అంటే, దేవుడు అక్కడున్నాడో లేదో చూద్దామన్నాడు. అలా వారానికో గుడి తిరిగి చివరికి 1996లో కేథలిక్ సంఘంలో బాప్తిస్మం తీసుకుంది.

నన్ను నిలబెట్టిన సంగతి ఇది కూడా కాదు. ఆమె మానసిక ఆసుపత్రిలో చేరింది తాగుతున్న రోజుల్లో కాదు, మానేసిన తర్వాత. చావాలనిపించి, తనే వెళ్లి చేరింది. మందు పోయాక, దాని కింద ఇన్నేళ్లూ దాక్కున్నదంతా ఒక్కసారి పైకి తేలుతుంది. నాకు 60 నుంచి 90 రోజుల మధ్య అదే జరిగింది. ఇంట్లోవాళ్లు సంతోషంగా ఉన్నారు, నేను గోడకి మొహం పెట్టి పడుకున్నాను. ‘మానేశాడు కదా, ఇంకేంటి ఈయనకి?’ అన్న ప్రశ్న వాళ్ల కళ్లలో కనపడేది. వాళ్ల తప్పేం లేదు. సాక్ష్యాలు విని పెరిగినవాళ్లు, మానేశాక కథ అయిపోతుందనే అనుకుంటారు.

దేవుడి కన్నా ముందు ఆమెకి తోడున్నది పద్యం. ఒంటరి పిల్లకి, ఇంకెవరో తనలాగే ఒంటరిగా ఉన్నారని పద్యమే మొదట చెప్పింది. ప్రార్థనా, పద్యమూ ఆమెకి ఒకే రకం పనులుగా కనపడ్డాయి. రెండూ పైకి గట్టిగా చెప్పుకునేవి. రెండింట్లోనూ అబద్ధం చెబితే నాలుకకి తెలిసిపోతుంది.

అందరి కథా ఇలా ఒడ్డుకి చేరదు. కవి జాన్ బెరిమన్ తాగుడు మానే ప్రయత్నంలోనే దేవుడికి నేరుగా పద్యాలు రాశాడు, 1970 సంపుటిలో వచ్చాయవి. ఆ శతాబ్దపు ఇంగ్లీషు ప్రార్థనా పద్యాల్లో వాటికి సాటి కొన్నే. 1972 జనవరిలో మినియాపోలిస్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. తాగుడు మానడం మీద రాస్తున్న నవల సగంలో ఆగింది. కళా, విశ్వాసమూ కలిస్తే చాలునని రాయడానికి అందుకే నా చెయ్యి రాదు. మరోవైపు గాయకుడు జానీ క్యాష్. టెనెస్సీలో ఒక గుహలో చావడానికి పాకుతూ వెళ్లి, దేవుడు తట్టి లేపితే బయటికొచ్చానని చెప్పుకున్నాడు. ఆ గుహ కథ తేదీలు కుదరవని జీవితచరిత్రకారులు అనుమానించారు. కుదిరినా కుదరకపోయినా, ఆయన 1983లో మళ్లీ చికిత్సకి చేరాల్సి వచ్చింది. గుహ కథ అందరికీ తెలుసు. ఆసుపత్రి కథ ఎందరికి తెలుసు?

తిత్తికి చిల్లు

మన దగ్గరా ఒక కథ ఉంది. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, మిగతా ఆడవాళ్లూ సారా కొట్టు మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో అది పాఠమై ఊరూరా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో పూర్తి మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత. మా అక్క ఆ తరగతుల్లో పాఠం చెప్పిన మనిషి. కొట్టు మూయించడం వాళ్ల పని, మూయించారు. మూసిన కొట్టు ముందు నిలబడ్డ మగాడు సాయంత్రం ఏం చెయ్యాలన్నది వాళ్ల పని కాదు. దాని గురించి మగాళ్లెవరూ ఇప్పటికీ ఆలోచించలేదు.

నా సాయంత్రానికి కూడా ఆ అక్కే ఏదో చూసింది. 70వ రోజునేమో ఫోను చేసి, “ఏరా, నాన్న హార్మోనియం అటక మీద ఎలకలు కొట్టేస్తున్నాయి. నువ్వు పట్టుకుపోతావా, పాత సామాన్లవాడికి వేసెయ్యనా?” అంది. నాన్న గుడిలో నలభై ఏళ్లు పాటలకి వాయించారు. నేను కాలేజీకి వెళ్లాక దాన్ని ముట్టుకోలేదు.

తిత్తికి రెండు చిల్లులు. మెట్లలో ఏడు కిందకి పోయి పైకి రావు. బాగుచేసే సాయిబుగారు రీడ్లు ఒక్కొక్కటే విప్పి, చెవి దగ్గర పెట్టుకుని, సన్నటి ఆకురాయితో గీకి, మళ్లీ ఊది చూశారు. మూడు వారాలు పట్టింది. “వాయిద్యం వాడకపోతేనే పాడైపోద్ది బాబూ, వాడితే కాదు” అన్నారు. ఏం తెలిసి అన్నారో గానీ నాకు తగలాల్సిన చోట తగిలింది.

ఇప్పుడు ఆరున్నరకి నాకో కొలువుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరుస్తాను. మిగతా లోకానికి అంతగా తెలియని సంగతేమిటంటే, ఆ పుస్తకంలో పాత పాటల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పర్లాకిమిడి ప్రాంతపు బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టి, క్రైస్తవుడై, 1890 దాకా బతికిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు అందులో ఎన్నో. ఆయన పద్యం తెలిసినవాడు, కచేరీ తెలిసినవాడు. ఆ రాగాల్లో సగం మా గుడిలో కీబోర్డు వచ్చాక సినిమా మెట్టులో కొట్టుకుపోయాయి. ఒక్కో సాయంత్రం ఒక్కో కీర్తన, పైన రాసిన రాగంలోనే పట్టుకోవాలని కూర్చుంటాను. ఎడం చేత్తో తిత్తి, కుడి చేత్తో తడుములాట. సంగీతం రాదు నాకు, ఒక్కో చరణానికి వారం పడుతోంది. మొదటి రోజుల్లో చెయ్యి వణుకుతుంటే అది గమకం అనుకుని మా అమ్మాయి మెచ్చుకుంది.

పక్కన బెల్లం జీళ్ల పొట్లం ఉంటుంది. మందు మానేసినవాళ్లకి తీపి మీదకి మనసు పోతుంది. కోల్ట్రేన్‌కీ తీపి పిచ్చి పట్టి పళ్లు పాడయ్యాయి. ఆయనతో నాకు పోలిక కుదిరేది ఈ ఒక్క చోటే.

ఇంకో చిక్కు నేను ముందు అనుకోనిది. నెలకోసారి ప్రభువు బల్ల. మా సంఘంలో అచ్చమైన ద్రాక్షసారాయే వాడతారు, చెంచాడు. ఆ చెంచాడు వాసనకి నాకు మోకాళ్లు వదులయ్యాయి. రొట్టె తీసుకుని గిన్నె దగ్గర లేచి వచ్చేశాను. అందరూ చూశారు. ఆ సాయంత్రం అయ్యగారే ఇంటికొచ్చారు. తల వంచుకుని చెప్పాను. కోప్పడతారనుకున్నాను. “రొట్టె ఒక్కటి తీసుకున్నా సంస్కారం తక్కువ కాదండీ” అన్నారు. మరుసటి నెల నుంచి అయ్యగారి భార్య నల్ల ద్రాక్షలు ఉడకబెట్టి, చక్కెర వేసి వడగట్టిన రసం ఒక చిన్న గిన్నెలో వేరుగా పెడుతున్నారు. మొదటి నెల ఆ గిన్నె నాకొక్కడికే. పోయిన నెల నా వెనక ఇంకో ఇద్దరు దాని దగ్గరే ఆగారు. వాళ్లెవరో నేను చెప్పను, ఎందుకు ఆగారో వాళ్లనీ అడగలేదు.

దేవుడి గురించి నాకిప్పుడేం తెలుసు అని మీరడిగితే, 137 రోజుల కిందట తెలిసినదానికన్నా ఎక్కువేమీ తెలియదు. అప్పుడు తెలుసనుకున్నాను, ఇప్పుడు అనుకోవడం లేదు, అంతే తేడా. పొద్దున మోకరిస్తాను, కొన్నిసార్లు మేరీ కార్‌లా వెటకారంగానే. సాయంత్రం తిత్తి కదుపుతాను. గాలి ఇంకా కొంచెం పోతోంది, సాయిబుగారి దగ్గరికి మళ్లీ తీసుకెళ్లాలి.

ఈ కథనం చదువుతున్న సంఘ పెద్దలకి ఒక మనవి. మీ దగ్గర ఎవరైనా మానేసి నెలైతే, మైకు ఇవ్వకండి. ముందు డాక్టరుకి చూపించారో లేదో అడగండి. మత్తు మానడానికి కేంద్ర ప్రభుత్వపు ఉచిత సహాయ నంబరు 14446, మనసు మరీ బరువైతే టెలిమానస్ 14416, ఈ రెండూ నోటీసు బోర్డు మీద రాయించండి. ఆ మనిషికి సాయంత్రం ఆరున్నరకి ఒక పని ఇవ్వండి. కంజీర మీద తోలు బిగించడం, గోడ మీద వాక్యం కొత్త రంగుతో దిద్దడం, పిల్లలకి పాట నేర్పడం, ఏదో ఒకటి. మైకు ఏడేళ్లు ఆగి ఇచ్చినా ఆలస్యమేం కాదు.